తెలుగు అక్షరంతో పోర్ట్‌ఫోలియో సైటు: ఒక గ్రాఫిక్ డిజైనర్ పని డైరీ

ఆషాఢం మొదట్లో

ముహూర్తాలు లేని నెల. పెళ్లి కార్డుల ఫోన్లు ఆగాయి. బట్టల షాపుల ఆషాఢం సేల్ ప్రకటనలు జ్యేష్ఠంలోనే ఇచ్చేశాను. బోనాల ఫ్లెక్సీలు వస్తూనే ఉంటాయి గానీ అవి గంటలో తేలిపోయే పని. చాలాకాలంగా వాయిదా వేస్తూ వచ్చిన పోర్ట్‌ఫోలియో సైటుకు ఇప్పుడు టైము దొరికింది.

ఇన్నాళ్లూ ఎవరైనా "మీ వర్క్ చూపిస్తారా?" అంటే వాట్సాప్‌లో ఓ పదిహేను జేపీజీలు పంపేదాన్ని. వాట్సాప్ వాటిని నలిపి చిన్నవి చేస్తుంది. అవతలివాళ్లు వేలితో సరసరా తోసేసి "బాగున్నాయండీ, రేటెంత?" అంటారు. ఈ కవర్ ఎందుకు ఇలా వేశాను, ఆ లేబుల్‌లో ఇబ్బంది ఏమిటి, అది చెప్పే సందే ఉండదు. బిహాన్స్‌లో ఖాతా ఉంది. 2005లో మొదలై 2012లో అడోబీ చేతికి వచ్చిన ఆ వేదిక మీద డిజైనర్లు ఒకరి పని ఒకరు చూసుకుంటారు, అది బాగుంటుంది. నాకు పని ఇచ్చేవాళ్లు మాత్రం చిన్న ప్రచురణకర్తలు, పచ్చళ్ల వ్యాపారులు, పెళ్లివారు. వాళ్లు అక్కడికి రారు. ఎవరో పంపిన లింకు నొక్కుతారు, లేదా గూగుల్‌లో వెతుకుతారు. కాబట్టి సైటు ముందు తెలుగులో, ఫోన్ కోసం.

మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకున్నాను. నేను బతికేది తెలుగు అక్షరం మీద. నా సైటులో తెలుగు ఎక్కడా బొమ్మగా ఉండకూడదు. కాపీ చేస్తే రావాలి, వెతికితే దొరకాలి, చూపులేనివారి ఫోన్ దాన్ని చదివి వినిపించాలి. తెలుగు డిజైనర్ల సైట్లు చాలావాటిలో "మా గురించి" అనే పేజీ మొత్తం ఒకే జేపీజీ. ఎందుకలా చేస్తారో నాకు తెలుసు: ఫాంటు ఎలా కనబడుతుందోనన్న భయం. ఆ భయాన్ని ఒక్కొక్కటిగా తీర్చుకోవడమే ఈ ప్రాజెక్టులో అసలు పని అనుకుంటున్నాను.

కోడింగ్ సాయానికి మా పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"అక్కా, రియాక్ట్‌లో చేసేద్దాం. యానిమేషన్లు అదిరిపోతాయి."

"ఉండేవి పదో పన్నెండో పేజీలురా. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు నేనే దిద్దుకోగలగాలి."

"అయితే ఉత్త హెచ్‌టీఎంఎల్ చాలు. హ్యూగో పెట్టుకో. నువ్వు మామూలు టెక్స్ట్ ఫైలు రాస్తే అది పేజీలు తయారుచేసి ఇస్తుంది."

"యానిమేషన్లు వద్దులే, నీకు బాధగా ఉంటే చెప్పు."

"ఒక్కటి కూడానా?"

ఒక్కటి కూడా లేదు. హోస్టింగ్ గిట్‌హబ్ పేజెస్‌లో, ఉచితంగా. సైటు మొత్తం 1 జీబీ దాటకూడదని వాళ్ల పరిమితి. నా బొమ్మలన్నీ కలిపినా అందులో పదో వంతు కూడా ఉండవు. సొంత డొమైన్ తగిలించినా హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ డబ్బు అడగకుండా వస్తుంది.

డొమైన్ దగ్గర మాత్రం కాసేపు ఆగాను. .భారత్ అని తెలుగులోనే డొమైన్ తీసుకోవచ్చు. .ఇన్ డొమైన్లు చూసే నిక్సీ సంస్థే వీటినీ చూస్తుంది. చాలా ఆశపడ్డాను. అయితే తెరవెనుక ఆ పేరు ఎక్స్‌ఎన్ అని మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల గొలుసుగా మారుతుంది. కొన్ని యాప్‌లలో, మెయిళ్లలో ఆ గొలుసే బయటికి కనబడుతుంది. అది చూసి ఏదో మోసం లింకు అనుకుని ఎవరూ నొక్కరు. అందుకని .ఇన్ తీసుకున్నాను. పేజీల చిరునామాలకూ అదే లెక్క. తెలుగులో చిరునామా పెడితే, దాన్ని కాపీ చేసి అతికించినప్పుడు ఒక్కో తెలుగు సంకేతం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలవుతుంది. "పుస్తకాలు" అన్న చిన్న మాట రెండు వరుసలు తినేస్తుంది. చిరునామాలు ఇంగ్లీషు అక్షరాల్లో, పేజీ అంతా తెలుగులో. ఇందులో నాకు రాజీ ఏమీ కనబడలేదు. చిరునామాను ఎవరూ చదవరు, నొక్కుతారంతే.

గోల్కొండ బోనాల వారం

ఏవి పెట్టాలి? హార్డ్ డిస్కులు ముందేసుకుని కూర్చున్నాను. ఏళ్ల పని ఉంది: కోరెల్ ఫైళ్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు, "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" అన్న పేర్లతో పీడీఎఫ్‌లు.

మొదట తీసేసింది ఫ్లెక్సీలు. సంపాదనలో వాటి వాటా తక్కువేమీ కాదు. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు బోర్డును 72 డీపీఐలో చేసినా 8640 x 6912 పిక్సెళ్లు. అందులో నాయకుడి తలకాయ పెద్దది, చుట్టూ శుభాకాంక్షలు చెప్పేవారి తలకాయలు హోదాను బట్టి చిన్నవి. ఏ తల ఎంత ఉండాలో నిర్ణయించేది డిజైనర్ కాదు, బస్తీ రాజకీయం. వాటిని సైటులో పెడితే అలాంటి పనే ఇంకా వస్తుంది. పైగా చూసేవాళ్లు నాకూ ఒక పార్టీ అంటగడతారు. బోనాల ఫ్లెక్సీ ఒక్కటి మాత్రం ఉంచాను. పోతరాజు బొమ్మ నేనే గీసింది, ఒక్క మనిషి ముఖం కూడా లేనిది. ఆ కమిటీ వాళ్లు ఎలా ఒప్పుకున్నారో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

తర్వాత, పాత ఉద్యోగంలో చేసినవి. నేను పనిచేసిన ఒక ఏజెన్సీకి మెయిల్ రాసి, ఆ డిజైన్లు నా సైటులో చూపించుకోవచ్చా అని అడిగాను. కుదరదని జవాబొచ్చింది. అడక్కుండా పెట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందమేదీ లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. నాకు అలాంటి ఒప్పందం లేదు. మూడు మంచి లోగోలు పోయాయి. ఈసారి ఎవరైనా జూనియర్లు సలహా అడిగితే ఉద్యోగంలో చేరే రోజే ఒక వాక్యం రాయించుకోమని చెబుతాను: "ఈ పనులను నా పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చు." సొంతంగా తీసుకున్న పనులకు ప్రచురణకర్తలనూ వ్యాపారులనూ విడివిడిగా వాట్సాప్‌లో అడిగాను. దాదాపు అందరూ సరేనన్నారు. ఒక పెద్దాయన "అమ్మా, పుస్తకం ఎక్కడ దొరుకుతుందో కూడా కింద రాయి" అన్నారు. న్యాయమైన మాట. ప్రతి కవర్ కిందా ఆ వరుస పెడుతున్నాను.

పెళ్లి కార్డుల దగ్గర చిక్కు వేరు. కార్డు నిండా మనుషుల వివరాలే: అమ్మాయి పేరు, అబ్బాయి పేరు, తల్లిదండ్రులు, ఊరు, ఇంటి నంబరు, ఫోన్ నంబర్లు. పెళ్లయి ఏళ్లు గడిచాక ఆ వివరాలు గూగుల్‌లో తిరగడం ఎవరికీ మంచిది కాదు. మసక చేసి పెడితే డిజైన్ చచ్చిపోతుంది. నా పని అంతా ఆ అక్షరాల్లోనే ఉంది మరి. అందుకని పేర్లు మార్చి మళ్లీ కూర్చాను. ఒక కార్డులో చి.ల.సౌ. సీత, చి. శ్రీరామ్, ఆహ్వానించువారు జనక మహారాజు దంపతులు, వేదిక మిథిల. సుముహూర్తం దగ్గర చుక్కలు. కానీ "సీత" రెండే అక్షరాలు. పొడుగు పేర్లను ఎలా సర్దుతానో ఆ కార్డులో కనబడదు. అందుకని రెండో కార్డుకు చి. లక్ష్మీనరసింహ, చి.ల.సౌ. చెంచులక్ష్మి, వేదిక అహోబిలం. ఒత్తులూ గుడులూ అన్నీ వచ్చాయి, వరుస కూడా నిండింది. పైన "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" ఎలాగూ అందరిదీ.

బాపు అక్షరాలతో చేసిన కార్డులన్నీ పక్కన పెట్టాను. ఆ అక్షరాలంటే నాకు ప్రాణం. అయినా అవి చూపిస్తే కనబడేది ఆయన చేయి, నాది కాదు.

మిగిలినవి: ఆరు పుస్తక కవర్లు, రెండు పెళ్లి కార్డులు, ఒక పచ్చళ్ల లేబుళ్ల వరుస, ఒక టిఫిన్ సెంటర్ బోర్డూ మెనూ, పోతరాజు, ఒక పిల్లల క్యాలెండరు. ఇంకేదీ చేర్చను. కొత్తది వస్తే పాతది ఒకటి తీసేస్తాను.

లష్కర్ బోనాల వారం

ఈ వారమంతా అక్షరాలతోనే గడిచింది.

ముందు పాత మ్యాటర్ సంగతి. 2001లో వచ్చిన 7వ వెర్షనే పేజ్‌మేకర్‌కు చివరిది. మన డీటీపీ సెంటర్లలో అది ఇంకా నడుస్తూనే ఉంది, దానితోపాటు అను ఫాంట్లూ. నా పాత పుస్తకాల వెనక అట్టల మీది మాటలు, ప్రచురణకర్తల పరిచయాలు అన్నీ అందులోనే ఉన్నాయి. అక్కడినుంచి కాపీ చేసి సైటులో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన చెత్త వస్తుంది. ఎందుకంటే ఆ ఫైల్లో ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు: తలకట్టు ఒక గదిలో, ఒత్తు ఒక గదిలో. యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా సొంత వరుస ఉంది. కన్వర్టర్‌లో వేస్తే చాలావరకు అందులోకి మారిపోతుంది గానీ ఆ "చాలావరకు"ను నమ్మి వదిలేయకూడదు. ఒత్తులు, సున్నాలు, కొటేషన్ గుర్తులు, అంకెల పక్కన ఖాళీలు ఒక్కొక్కటీ చూడాలి. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం దిద్దాను. ఇది ప్రూఫ్ రీడింగే, కొత్త విద్యేమీ కాదు.

ఇక ఫాంటు. ఒకప్పుడు వెబ్‌కు తెలుగు ఫాంటు అంటే విండోస్‌తో వచ్చే గౌతమి, లేదంటే పోతన, వేమన. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్ తెరిస్తే భువనవిజయమే: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, వాళ్ల మధ్య శ్రీకృష్ణదేవరాయలు. ఇవి సిలికానాంధ్ర విడుదల చేసినవి. వాటిలో తెలుగు అక్షరాలు కొన్నింటికి పురుషోత్ కుమార్ గుత్తుల, కొన్నింటికి అప్పాజీ అంబరీష దర్భ గీశారు. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి సైటులో పెట్టుకోడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. వీటిలో చదవడానికి హాయిగా ఉండేది మండలి. 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు పేరు దానికి పెట్టారు. రామభద్ర బాగా లావు, పోస్టర్‌కు పనికొస్తుంది. గిడుగు, ధూర్జటి నాకు శీర్షికలకే నచ్చాయి.

నాకు కావలసింది వేరే. సైటులో కవర్ల మీది అక్షరాలు మాట్లాడాలి, చుట్టూ ఉన్న అక్షరాలు నోరు మూసుకుని ఉండాలి. సన్నం నుంచి లావు దాకా అన్నీ ఒకే కుటుంబంలో ఉంటే మంచిది. అందుకు ముంబైకి చెందిన ఎక్ టైప్ వాళ్ల అనేక్ తెలుగు తీసుకున్నాను. అది వేరియబుల్ ఫాంటు. ఒక్క ఫైల్లోనే బరువు, అంటే అక్షరం లావు, 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 శాతం దాకా ఎంత కావాలంటే అంత జరుపుకోవచ్చు. ఇంగ్లీషు మాటలు పక్కన పడినా ఎత్తు తేడా కొట్టడం లేదు. అది దిగేలోగా, లేదా దిగకపోతే కనబడడానికి నోటో సాన్స్ తెలుగు అనే ఫాంటును దాని వెనక కాపలాగా పెట్టాను.

ఫాంటు కుదిరాక అసలు తలనొప్పి మొదలైంది. దొరికే టెంప్లేట్లన్నీ ఇంగ్లీషు కొలతలతో ఉంటాయి. శీర్షికలకు లైన్ హైట్, అంటే అక్షరం సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లన్నది, 1.1 పెడతారు. ఇంగ్లీషుకు అది అందం. "రాష్ట్ర స్థాయి" అన్నది ఒక వరుసలో, కింది వరుసలో "శ్రీశైలం" పడితే పై ఒత్తులు కింది గుడుల్లో గుచ్చుకుంటాయి. శీర్షికకు 1.45, చదివే మ్యాటర్‌కు 1.8 పెట్టాను. చిన్న ఫోన్ మీద కూడా అక్షరం 18 పిక్సెళ్లకు తగ్గకూడదు. ఇంగ్లీషులో 14 పెట్టి బతికేయొచ్చు, తెలుగులో ఆ సైజుకు "ష"కూ "ఘ"కూ కడుపులు పూడిపోతాయి.

లెటర్ స్పేసింగ్ మొత్తం తీసేశాను. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలను ఎడంగా పరిస్తే నాజూకుగా ఉంటుంది, తెలుగు అక్షరాలను ఎడం చేస్తే పళ్లూడినట్టు ఉంటుంది. ఇటాలిక్ కూడా తీసేశాను. ఫాంటులో వాలు రూపం లేకపోతే బ్రౌజరే అక్షరాన్ని పక్కకు తోస్తుంది, చూడలేం. అలా తోయవద్దని చెప్పడానికి ఫాంట్ సింథసిస్ అనే ఆజ్ఞ ఉంది, దాన్ని "నన్" చేశాను. పేరా మొదటి అక్షరాన్ని పెద్దది చేసే ఆలోచన కూడా మానుకున్నాను. "స్త్రీ" లాంటి మాటతో పేరా మొదలైతే కొన్ని బ్రౌజర్లు అక్షరాన్ని మధ్యలో నరికేస్తాయి.

ఎక్కువసేపు పట్టింది లింకుల కింది గీతతో. ఇంగ్లీషులో గీత అక్షరం పాదాల కింద పోతుంది. తెలుగులో పాదాల కిందే ఒత్తులుంటాయి. "పుస్తకాలు" అన్న లింకులో త ఒత్తు మీదుగా గీత పోయి దాన్ని కొట్టేసినట్టుంది. గీతను కిందికి జరిపే అండర్‌లైన్ ఆఫ్‌సెట్ ఉంది. తక్కువ జరిపితే తగులుతోంది, ఎక్కువ జరిపితే కింది వరుసకు చెందినట్టుంది. అక్షరం సైజులో మూడో వంతు దగ్గర కుదిరింది. గీతను సన్నం చేసి, రంగు కొంచెం పలచన చేశాను.

ఇవన్నీ ఎవరూ గమనించరు. గమనించకపోతేనే కుదిరినట్టు.

తెలుగు బొమ్మగా ఉన్న చోటు సైటు మొత్తంలో ఒక్కటే: పైన నా పేరు. అది చేత్తో రాసి, ఎంత పెంచినా మసకబారని ఎస్‌వీజీ బొమ్మగా చేసినది. దాని వెనక కూడా పేరు మామూలు టెక్స్టుగా ఉంది. నియమం తప్పలేదు.

వానలు పట్టిన రోజులు

ఫొటోలు తీశాను. పుస్తకం కవర్‌ను డిజిటల్ ఫైలుగా పెట్టడం తేలికే. డెమీ సైజు, అంటే అయిదున్నర x ఎనిమిదిన్నర అంగుళాలు, 300 డీపీఐలో 1650 x 2550 పిక్సెళ్లు చేతిలో ఉంటుంది. కానీ అట్ట మీద అక్కడక్కడా మాత్రమే వేసే స్పాట్ యూవీ పూత మెరుపు, ఎంబాసింగ్ ఎత్తు, బంగారు ఫాయిల్ ఫైల్లో కనబడవు. పెళ్లి కార్డుల్లో సగం డబ్బు అక్కడే పెడతారు. హైదరాబాద్ పాతబస్తీ ఛత్తా బజార్‌లో ఫాయిల్ వేయించిన ఆ రెండు కార్డులకూ ఫొటోలే దిక్కు. మార్చిన పేర్లతో నమూనాలు విడిగా వేయించాల్సి వచ్చింది. ప్రెస్ ఆయన "ఎవరి పెళ్లమ్మా, కార్డులో ఫోన్ నంబరే లేదు?" అని అడిగారు. రాములవారిది అన్నాను.

మబ్బు పట్టిన రోజు ఫొటోకు మంచిది, వెలుతురు మెత్తగా పడుతుంది. కిటికీ పక్కన బల్ల, అవతలివైపు తెల్ల థర్మకోల్ షీటు. ఫాయిల్ అద్దం లాంటి గుణం ఉన్నది. ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది. నిటారుగా పైనుంచి తీస్తే నల్లటి ఫోన్ నీడ దాని మీద పడి బంగారం మసి అయిపోయింది. ఫోన్‌ను కొంచెం ఏటవాలుగా పట్టుకుని, థర్మకోల్ షీటు ఆ ఫాయిల్‌లో కనబడేలా జరిపాక బంగారం బంగారంలా వచ్చింది. కాగితం గరుకు తెలియడానికి ఒక మూల దగ్గరగా తీసిన ఫొటో ప్రతిదానికీ జోడించాను.

రంగులు. ప్రెస్‌కు పంపే ఫైలు సీఎంవైకే, అంటే అచ్చు సిరాల లెక్క; సైటుకు ఎస్‌ఆర్‌జీబీ, అంటే తెర వెలుగుల లెక్క. మార్చేటప్పుడు ఫైల్లో ఉన్న ప్రొఫైల్ ప్రకారమే మార్చాను. మార్చాక కుంకుమ రంగు తెరమీద కాస్త డల్‌గా ఉందని రంగు పెంచాలనిపిస్తుంది. పెంచలేదు. తెరమీద వెలిగే ఎరుపు చూసి పని ఇచ్చినవాళ్లు, అచ్చయ్యాక "ఇదేంటి, ఇలా వచ్చింది?" అంటారు. కాగితం మీద ఎలా ఉంటుందో అలాగే చూపించడం నాకే మేలు.

తర్వాత ఫైళ్ల బరువు. ఒరిజినల్ ఫొటోలతో మొదటి పేజీ ఏడెనిమిది ఎంబీలు ఉంది. ప్రతి బొమ్మనూ 480, 800, 1200 పిక్సెళ్ల వెడల్పుల్లో చేసి, ఫోన్ తనకు కావలసింది తీసుకునేలా పెట్టాను. కింద ఉన్నవి అక్కడికి చేరేటప్పుడే దిగుతాయి. వెబ్‌పీ ఫార్మాట్‌తో బరువు బాగా దిగింది. దిగింది గానీ, పెళ్లి కార్డు చూస్తే పసుపు మీది ఎర్ర అక్షరాల అంచులు చెమ్మగిల్లినట్టు అయిపోయాయి. నాణ్యత ఎంత పెంచినా పోలేదు. కారణం వెతికితే తేలింది: మామూలు వెబ్‌పీ వెలుగునీడల వివరాన్ని పూర్తిగా ఉంచుకుని, రంగుల వివరాన్ని అడ్డంగా సగం, నిలువుగా సగం మాత్రమే ఉంచుకుంటుంది. ముఖాలకూ పూలకూ అది తెలియదు. పసుపు మీద సన్నటి ఎర్ర అక్షరానికి రంగు తేడానే ఆధారం, అందుకే అక్కడ దొరికిపోతుంది. ఆ రకం బొమ్మలకు వివరమేదీ వదలని లాస్‌లెస్ వెబ్‌పీ పెట్టాను. ఫొటోలకు మామూలుదే. పసుపూ ఎరుపూ లేకుండా మన శుభకార్యం ఏదీ లేదు కాబట్టి, తెలుగు కార్డులు చేసేవాళ్లందరికీ ఇది తగిలే సమస్యే.

లాల్‌దర్వాజ బోనాల వారం

బోనాల ఫ్లెక్సీలతో పని తక్కువ సాగింది. రాత్రుళ్లు ఫోన్లలో చూసి సరిచేసుకున్నాను.

మా అమ్మ ఫోన్ పాత ఆండ్రాయిడ్. అందులో సైటు బాగుంటే ఎందులోనైనా బాగుంటుంది. పెద్ద బొమ్మ తెరమీదికి రావడానికి 2.5 సెకన్లు దాటకూడదని గూగుల్ పెట్టిన లెక్క. గూగుల్ వాళ్లదే లైట్‌హౌస్ అనే సాధనంతో కొలిస్తే ఇప్పుడు దాని లోపలే ఉంది. ఫాంటు వచ్చేలోగా వేరే ఫాంటుతో అక్షరాలు కనబడి, తర్వాత పేజీ ఒక్కసారి గెంతేది. కాపలాగా పెట్టిన నోటో సైజును అనేక్‌కు దగ్గరగా సర్దాక ఆ గెంతు చాలావరకు పోయింది.

రంగుల తేడా కూడా కొలిచాను. చదివే అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలన్నది వెబ్ సౌలభ్య ప్రమాణం. నేను ముచ్చటపడి పెట్టుకున్న పసుపు బటన్ మీద తెల్ల అక్షరాలు అందులో దారుణంగా తప్పాయి. అక్షరాలు నలుపు చేశాను, బటన్ ఇంకా బాగుంది.

చూపులేనివారి కోసం ప్రతి బొమ్మకూ తెలుగులో వర్ణన రాశాను. "కవర్ బొమ్మ" అని వదిలేయకుండా, "నీలం మీద తెల్ల అక్షరాల్లో పుస్తకం పేరు, కింద మూలకు ఎండిన కొమ్మ" ఇలా. పేజీ తెలుగులో ఉందని కోడ్‌లో ప్రకటించాలి. ఆ చిన్న గుర్తు లేకపోతే చదివే సాఫ్ట్‌వేర్ తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడవచ్చు. తెరను చదివి వినిపించే ఆండ్రాయిడ్ టాక్‌బ్యాక్ ఆన్ చేసి కళ్లు మూసుకుని మొత్తం విన్నాను. "చి.ల.సౌ."ను అది పలికిన తీరు విని మా అమ్మ పగలబడి నవ్వింది.

వాట్సాప్‌లో లింకు పంపితే కనబడే చిన్న బొమ్మ నాకు మొదటి పేజీ కంటే ముఖ్యం. నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఆ దారినే వస్తారు. 1200 x 630 సైజులో, ప్రతి పనికీ విడిగా ఒకటి చేశాను. మధ్యలో ఒకే కవర్, పక్కన ఖాళీ. ఇరికించి నాలుగు పెడితే ఫోన్‌లో తపాలా బిళ్లలవుతాయి.

సంప్రదించడానికి ఫారం పెట్టలేదు. మనవాళ్లు ఫారం నింపరు. వాట్సాప్ బటన్ ఉంది. నొక్కితే "నమస్తే, మీ సైటు చూశాను. నాకు కావలసింది:" అన్న మాట ముందే టైపు అయి ఉంటుంది. నంబరు నా సొంతది కాదు, పని కోసం తీసుకున్న రెండో సిమ్.

వెతికేవాళ్ల సంగతి ఒకటుంది. తెలుగు చదివేవాళ్లలో చాలామంది వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొడతారు. చిరునామాలు ఇంగ్లీషులో పెట్టడం ఇక్కడ కలిసొస్తుందని ఆశ. ఏ వెతుకులాటలో సైటు కనబడిందో చూపే గూగుల్ సర్చ్ కన్సోల్‌లో సైటు నమోదు చేశాను. ఏ మాటలతో వస్తున్నారో కొన్నాళ్లు పోయాక తెలుస్తుంది.

శ్రావణం ముందు

రాయడం మిగిలింది. ప్రతి పని కింద నాలుగైదు వాక్యాలు రాయాలి. ఇవి రాయడం ఫాంటు సర్దడం కంటే కష్టం. "వినూత్నమైన సృజనాత్మక రూపకల్పన" లాంటి మాటలు చేతికి తగులుతూనే ఉంటాయి, వాటిని తుడిచేయాలి. అడిగింది ఏమిటి, ఇరుకు ఎక్కడ, నేను ఏం చేశాను, ఏది కాగితం మీద మారింది. అంతే రాస్తున్నాను.

పచ్చళ్ల లేబుల్ గురించి రాసింది నాకే నచ్చింది. చిన్న సీసా. దాని మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, శాకాహారమని చెప్పే ఆకుపచ్చ గుర్తు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, పదార్థాల జాబితా అన్నీ ఉండాలి. ఇవన్నీ పోగా మిగిలిన జాగాలో ఆవకాయకూ మాగాయకూ గోంగూరకూ తేడా దూరం నుంచే తెలియాలి. వ్యాపారి మామిడికాయ ఫొటో కావాలన్నారు. మామిడికాయ ఫొటో పెడితే ఆవకాయ, మాగాయ రెండూ ఒకటే అయిపోతాయి. అందుకని ఫొటో లేకుండా పేరులోని మొదటి అక్షరాన్నే సీసా ఎత్తుకు పెంచాను: ఒకదానికి ఆ, ఒకదానికి మా, ఒకదానికి గో. అది వివరించే పేజీలో ఆ మూడక్షరాలు బొమ్మలు కావు, టెక్స్టే. పెద్ద సైజులో అనేక్ వెడల్పును 125కు లాగితే లేబుల్ మీద నేను గీసినవాటికి దగ్గరగా వచ్చాయి.

మా తమ్ముడు మొత్తం చూసి "బాగుంది గానీ అక్కా, సైటు కదలట్లేదు" అన్నాడు. కదలకూడదనే చేశానన్నాను.

రేట్లు పెట్టాలా వద్దా అన్నది చివరిదాకా తేలలేదు. తోటి డిజైనర్లు వద్దన్నారు. పెడితే బేరం అక్కడినుంచే కిందికి మొదలవుతుందని వాళ్ల మాట. పెట్టకపోతే రోజుకు రెండుసార్లు "కార్డుకెంత?" అన్న మెసేజికి జవాబు రాయాలి. పుస్తకం కవర్‌కూ పెళ్లి కార్డుకూ "ఇంత నుంచి మొదలు" అని పెట్టాను. ఆ రేటులో ఎన్ని మార్పులు చేస్తాను, ప్రింటింగ్ ఖర్చు కలిసిందా లేదా, మళ్లీ దిద్దుకోగల ఓపెన్ ఫైలు ఇస్తానా లేదా అన్నవి కూడా దాని కిందే రాశాను. లోగోలకు పెట్టలేదు, అది మాట్లాడుకుని తేల్చుకునే పని.

సైటు నిన్న రాత్రి పైకి ఎక్కింది. ఇంగ్లీషు పేజీలు ఇంకా లేవు. అమెరికా నుంచి పుస్తకాలు వేయించుకునే రచయితలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు గానీ వాళ్లు తెలుగు చదివేవాళ్లే, తొందరేం లేదు. క్యాలెండరు పేజీలో పన్నెండు నెలల బొమ్మలూ ఒకేసారి దిగుతున్నాయి, వాటిని విడగొట్టాలి. ఐఫోన్‌లో శీర్షికల పై గుడులు ఒకచోట అంచుకు తెగుతున్నాయని ఇవాళ పొద్దున ఒకరు స్క్రీన్‌షాట్ పంపారు. ఆ డబ్బాకు, అంచు దాటినదాన్ని కనబడనివ్వని ఓవర్‌ఫ్లో హిడెన్ అనే ఆజ్ఞ ఉన్నట్టుంది. ముందు అది చూడాలి.